పడమటి వసారాను మూసి ఏసీ పెట్టించాలనుకుంటున్నాము: గుంటూరులోని పాత ఇంటికి సలహాలు కావాలి

వేపనీడ (గుంటూరు), ఏప్రిల్ 12, ఉదయం 9:10

సభ్యులందరికీ నమస్కారం. మా ఇల్లు 1994లో కట్టినది. ఇంటి ముందు 16 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు గల వసారా ఉంది. పైన కాంక్రీటు శ్లాబు, ముందు మూడడుగుల పిట్టగోడ, దానిమీద ఇనుప ఊచల గ్రిల్లు ఉన్నాయి. వసారా పడమటి ముఖంగా ఉంటుంది. దక్షిణం చివర గోడ ఉంది. ఉత్తరం చివర మెట్లు ఉన్నాయి.

నాన్నగారికి 78 ఏళ్ళు. ఉదయం కాఫీ మొదలు రాత్రి భోజనం దాకా ఆ వసారాలోని పడక కుర్చీయే ఆయన లోకం. వీధిలో వెళ్ళేవారిని పలకరించడం, పత్రిక చదవడం, పిల్లలకు లెక్కలు చెప్పడం అన్నీ అక్కడే. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం రెండు గంటల నుండి అక్కడ కూర్చోలేరు, లోపలి గదిలో ఏసీ కింద పడుకోమంటే ఒప్పుకోరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, నిరుడు ఆ రోజుల్లోనే ఆయనకు వడదెబ్బ తగిలి రెండు రోజులు సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. అందుకే ఈసారి వసారాను పూర్తిగా మూయించి ఏసీ పెట్టించాలని నిర్ణయించుకున్నాము.

ఒక గుత్తేదారు వచ్చి చూసి, పిట్టగోడ తీసేసి నేల నుండి బీము దాకా పదహారడుగుల పొడవునా జరిపే అద్దాల తలుపులు వేసి, ఒకటిన్నర టన్నుల ఏసీ పెడితే సరిపోతుందని చెప్పారు. మరికొన్ని వివరాలు కూడా చెప్పాలి. హాలు ప్రధాన ద్వారం వసారా దక్షిణ భాగంలోకి తెరుచుకుంటుంది. ఉత్తర భాగంలోకి ముందు పడకగది కిటికీ తెరుచుకుంటుంది, ఆ గదికి వేరే కిటికీ లేదు. ఆ గది ఏసీ ఔట్‌డోర్ యూనిట్ కూడా వసారా గోడకే బిగించి ఉంది. ఇన్వర్టరు బ్యాటరీ, స్కూటరు కూడా అక్కడే ఉంటాయి. పని మొదలుపెట్టకముందే మేము ఆలోచించవలసినవి ఏమిటో దయచేసి చెప్పగలరు.

స్థిరకట్టడం (తెనాలి), ఏప్రిల్ 12, ఉదయం 11:45

వేపనీడ గారూ, నేను కట్టడపు ఇంజినీరును. మీరు వివరంగా రాయడం వల్ల నా పని సులువైంది. ముందుగా నేల సంగతి చూద్దాము. గుంటూరులో చాలా చోట్ల నల్లరేగడి నేల ఉంటుంది. వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో కుంగి పగుళ్ళిచ్చే నేల అది. ఇంటి పిల్లర్ల పునాది లోతుగా ఉంటుంది కాబట్టి ఇల్లు కదలదు, కాని వసారా అంచున ఉన్న పిట్టగోడ చాలా ఇళ్ళలో లోతు లేని రాతికట్టు మీద నిలబడి ఉంటుంది. దాని మీద బరువైన గోడ లేపితే మొదటి వానాకాలంలోనే పాత పిల్లరుకు, కొత్త గోడకు మధ్య నిలువు పగులు వస్తుంది.

నాలుగున్నర అంగుళాల ఇటుక గోడను మూడు మీటర్ల ఎత్తు కడితే, పూతతో కలిపి ఒక్కొక్క మీటరు పొడవుకు సుమారు 700 కిలోల బరువు పడుతుంది. అదే నాలుగంగుళాల తేలిక ఏఏసీ దిమ్మెలతో (లోపల గాలి బుడగలుండే కాంక్రీటు దిమ్మెలు) కడితే అందులో సగం కూడా ఉండదు, పైగా ఆ దిమ్మె ఇటుక కంటే వేడిని చాలా తక్కువగా లోపలికి రానిస్తుంది. కాబట్టి పిట్టగోడ తీసేయకండి. దానిమీదనే తేలిక దిమ్మెలు కట్టవచ్చునో లేదో తేల్చడానికి ఒక మూల రెండడుగులు తవ్వించి రాతికట్టు ఎంత లోతుకు పోయిందో చూడండి. ఆ తవ్వకానికి ఒక పూట చాలు.

గోడ పైభాగాన్ని బీముకు ఆనించి సిమెంటుతో బిగించమని మేస్త్రి అంటారు, అలా చేయనివ్వకండి. ఎండకు శ్లాబు, బీము కొద్దిగా సాగి, వంగి, మళ్ళీ యథాస్థితికి వస్తుంటాయి. అరంగుళం ఖాళీ వదిలి, అందులో నురుగు కడ్డీ పెట్టి, పైన సాగే సీలెంటు పూయాలి. పాత పిల్లరు, కొత్త గోడ కలిసే చోట పూతకు ముందు చికెన్ మెష్ (సన్న తీగల వల) బిగించాలి.

పడకగదికి ఉన్న ఒక్క కిటికీ వసారాలోకే తెరుచుకుంటుందన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నివాస గది కిటికీ నేరుగా బయటి గాలిలోకి గాని, తెరిచి ఉన్న వసారాలోకి గాని తెరుచుకోవాలన్నది జాతీయ భవన నియమావళి సూత్రం. మన కోస్తా వంటి ఉక్కపోత ప్రాంతాలలో ఆ తెరుచుకునే వైశాల్యం గది నేలలో ఆరవ వంతు ఉండాలని కూడా అందులో ఉంది. మొత్తం వసారా మూస్తే ఆ గది గాలి లేని కొట్టుగా మారిపోతుంది. దీనికి పరిష్కారం దొరికేదాకా మిగతా పనేదీ మొదలుపెట్టవద్దని నా విన్నపం.

చల్లనిగది (హనుమకొండ), ఏప్రిల్ 12, సాయంత్రం 4:20

నేను పద్దెనిమిదేళ్ళుగా ఏసీలు బిగిస్తూ, బాగుచేస్తూ బతుకుతున్నాను. మూసిన వరండాలలో ఏసీ చల్లబరచడం లేదంటూ ప్రతి వేసవిలో నాకు వచ్చే ఫిర్యాదులలో చాలా వాటికి కారణం ఏసీ కాదు, పడమటి అద్దం.

మీ గుత్తేదారు చెప్పిన పద్ధతిలో లెక్క చూడండి. 16 అడుగుల పొడవు, సుమారు 8 అడుగుల ఎత్తు అంటే 128 చదరపు అడుగుల అద్దం, అంటే దాదాపు 12 చదరపు మీటర్లు. మే నెల సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో పడమటి ముఖం మీద చదరపు మీటరుకు సుమారు 500 వాట్ల ఎండ పడుతుందనుకుందాము. మామూలు తెల్ల అద్దం అందులో ఎనభై శాతం దాకా లోపలికి వదులుతుంది. అంటే అద్దం ద్వారానే నాలుగున్నర కిలోవాట్లకు పైగా వేడి లోపలికి వస్తుంది. ఒక టన్ను ఏసీ తీసివేయగల వేడి సుమారు మూడున్నర కిలోవాట్లు, ఒకటిన్నర టన్ను అంటే అయిదుంబావు కిలోవాట్లు. ఏసీ బలంలో తొంభై శాతం ఒక్క అద్దానికే ఖర్చయితే శ్లాబు నుండి దిగే వేడికి, మనుషులకు, సందులలోంచి దూరే వడగాలికి ఏమి మిగులుతుంది? ఏసీ డబ్బా మీద రాసే బలం బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచినది. బయట 44 డిగ్రీలున్న రోజున ఆ బలం ఇంకా తగ్గుతుంది, కరెంటు మాత్రం ఎక్కువ తాగుతుంది.

శ్లాబు సంగతి కూడా చెబుతాను. 144 చదరపు అడుగుల ఖాళీ శ్లాబు ఎండలో కాగి సాయంత్రానికి ఒకటిన్నర కిలోవాట్ల దాకా వేడిని కిందికి దింపుతుంది. రాత్రి తొమ్మిదింటికి కూడా అరచేయి ఆనిస్తే వెచ్చగానే ఉంటుంది. పైన తెల్లని చలువ పూత వేసి, కింద రెండంగుళాల థర్మోకోల్ వంటి పలకతో ఫాల్స్ సీలింగ్ చేయిస్తే ఆ వేడి అయిదో వంతుకు పడిపోతుంది. మా తెలంగాణలో 2023లో ప్రభుత్వం చలువ పైకప్పుల విధానాన్నే ప్రకటించింది, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాలలో కట్టే ఇళ్ళకు దానిని తప్పనిసరి చేసింది. గుంటూరు ఎండ మా ఎండకు తీసిపోయేది కాదు.

కాబట్టి నా మాట ఇది. ముందు ఎండను బయటే ఆపండి, ఆ తరువాతే ఎన్ని టన్నులన్న ప్రశ్న. లోపల మందపు కర్టెను వేసినా పెద్ద లాభం ఉండదు. అద్దం దాటిన ఎండ కర్టెనును కాల్చి, ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది. అద్దానికి బయట వెదురు తడిక వేలాడదీస్తే వేడి వీధిలోనే ఉంటుంది. ఒకే తడిక అద్దానికి ఏ వైపున ఉందన్న దాన్నిబట్టి ఇంత తేడా వస్తుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. పడకగది ఔట్‌డోర్ యూనిట్‌ను మూసిన వసారాలో ఉంచి ఏసీ వేయడమంటే, ఒక గదిలోని వేడిని తెచ్చి నాన్నగారి కుర్చీ పక్కన పోయడమే. దాన్ని తప్పక బయటికి మార్చాలి.

మల్లెపందిరి (రాజమహేంద్రవరం), ఏప్రిల్ 12, రాత్రి 8:30

చల్లనిగది గారు చెప్పినదంతా మా ఇంట్లో జరిగినదే. 2019లో మా ముందు వరండాను ముప్పాతిక భాగం అద్దాలతో మూయించాము. చూడటానికి ఎంతో బాగుండేది. మే నెల వచ్చేసరికి మధ్యాహ్నం అందులో అడుగు పెట్టలేకపోయాము. రెండు టన్నుల ఏసీ పెట్టినా సాయంత్రం ఆరు దాటితే గాని చల్లబడేది కాదు. చివరికి 2021లో అద్దాలు సగానికి పైగా తీయించి, దిమ్మెలు కట్టించి, బయట సజ్జ పోయించాము. మొదటి పనికి ఎంత ఖర్చయిందో, దాన్ని సరిదిద్దడానికి దాదాపు అంతా అయింది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇంకొకటి ఉంది. వరండా మూసిన తరువాత మా అత్తగారు అక్కడ కూర్చోవడం మానేశారు. చల్లగా ఉంది కదా అత్తయ్యా అని అడిగితే, "వీధి కనిపిస్తోంది గాని వినిపించడం లేదమ్మా" అన్నారు. కూరగాయల బండి కేక, పక్కింటివారి మాట, గుడి గంట ఏదీ లోపలికి రాదు. జరిపే తలుపులు బరువుగా ఉండటంతో ఆమె స్వయంగా తెరవలేకపోయేవారు. సరిదిద్దేటప్పుడు ఆమె కుర్చీ పక్కనే, కూర్చుని చేయి చాస్తే అందే ఎత్తులో, తేలికగా తెరుచుకునే రెండు రెక్కల కిటికీ పెట్టించాము. ఉదయం పది దాకా, సాయంత్రం ఆరు తరువాత అది తెరిచే ఉంటుంది. ఇప్పుడు మళ్ళీ ఆమె అక్కడే ఉంటున్నారు. మీ నాన్నగారిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ఎత్తు ఎంతో టేపుతో కొలిచి, కిటికీ గడప (కింది అంచు) దానికంటే ఒక అడుగు కిందకు ఉండేలా చూడండి. మేస్త్రులు అలవాటుగా నిలబడిన మనిషి కొలతతో కిటికీ పెడతారు.

వేపనీడ (గుంటూరు), ఏప్రిల్ 13, ఉదయం 7:50

మల్లెపందిరి గారూ, మీ సందేశం నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నన్ను అద్దాల బీరువాలో పెడతారేమో అనుకున్నాను" అన్నారు. ఇన్ని రోజులుగా ఆ మాట మాతో ఎందుకు అనలేదని బాధ కలిగింది. ఆయన కంటి ఎత్తు కుర్చీలో 41 అంగుళాలు వచ్చింది. పిట్టగోడ 36 అంగుళాలు ఉంది.

పడకగదికి ఉత్తరపు గోడలో కొత్త కిటికీ తెరిపించవచ్చునా అని అడగాలనుకుంటున్నాను. అది తొమ్మిదంగుళాల గోడ.

స్థిరకట్టడం (తెనాలి), ఏప్రిల్ 13, ఉదయం 10:15

1994 నాటి ఇళ్ళలో ముందు భాగానికి పిల్లర్లు వేసి, వెనుక గదులను గోడల మీదనే నిలబెట్టినవి చాలా చూశాను. ఆ తొమ్మిదంగుళాల గోడ శ్లాబును మోస్తున్నట్లయితే, లింటెల్ (కిటికీ పైన బరువు మోసే అడ్డదూలం) లేకుండా దానిలో రంధ్రం చేయడం ప్రమాదకరం. చేయలేమని కాదు, శ్లాబుకు ఊతాలు పెట్టి, లింటెల్ పోసి, అది గట్టిపడిన తరువాత కింద ఇటుకలు తీయాలి. ఎవరైనా ఇంజినీరు స్వయంగా చూడకుండా ఆ పని చేయించవద్దు.

దానికంటే సులువైన మార్గం మీ వసారా అమరికలోనే ఉంది. ప్రధాన ద్వారం దక్షిణ భాగంలో ఉంది, పడకగది కిటికీ, మెట్లు ఉత్తర భాగంలో ఉన్నాయి. అలాంటప్పుడు పదహారడుగులూ మూయవలసిన అవసరం ఏమిటి? దక్షిణాన పది అడుగులు గదిగా మూసి, ఉత్తరాన ఆరడుగులు ఇప్పుడున్నట్లే గ్రిల్లుతో తెరిచి ఉంచండి. పడకగదికి వచ్చే గాలి ఆగదు. మెట్లెక్కి వచ్చినవారు ముందు తెరిచిన భాగంలోకి వచ్చి, చెప్పులు విడిచి, అక్కడి నుండి ఒక తలుపు గుండా చల్లని గదిలోకి వస్తారు. మధ్య అడ్డుగోడలో పెట్టే అద్దం శ్లాబు నీడలో ఉంటుంది కాబట్టి ఎండ బాధ లేకుండా వెలుతురు ఇస్తుంది. ఒక్క జాగ్రత్త అవసరం. మే మొదటి వారం దాటాక గుంటూరులో సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా నడిచి, వాయవ్యంగా అస్తమిస్తాడు. సాయంత్రం ఎండ ఆ తెరిచిన ఆరడుగుల పడమటి గ్రిల్లులోంచి ఏటవాలుగా అడ్డుగోడ మీద పడుతుంది. ఆ గ్రిల్లుకు కూడా ఒక వెదురు తడిక కట్టండి.

మునిసిపాలిటీ అనుమతి గురించి కూడా చెప్పాలి. మీ ఆమోదిత ప్లానులో ఆ వసారా ఇంటి కట్టుబడిలో భాగమా, లేక ముందు వదలవలసిన ఖాళీ స్థలంలోకి వచ్చిన పోర్టికోనా చూడండి. ఖాళీ స్థలంలో తెరిచిన పోర్టికోకు అనుమతి ఉన్నంత మాత్రాన దాన్ని గదిగా మూయడానికి అనుమతి ఉన్నట్లు కాదు, ప్లానును అతిక్రమించినట్లు అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి భవన నిబంధనలు వర్తిస్తాయి. ప్లాను కాపీ తీసుకుని వార్డు సచివాలయంలోని ప్రణాళిక కార్యదర్శిని ముందే అడగడం మంచిది. పూర్తయిన తరువాత నోటీసు వస్తే కట్టిన గోడ తీయవలసి రావచ్చు.

పాలమూరు_పంచ (మహబూబ్‌నగర్), ఏప్రిల్ 13, మధ్యాహ్నం 1:05

ఇంత ఖర్చు, ఇంత కట్టుబడి నిజంగా అవసరమా అని ఒకసారి ఆలోచించమని కోరుతున్నాను. మా తాతగారి ఇంట్లో పంచకు (మీరనే వసారాకు) వేసవి అంతా వట్టివేళ్ళ తడికలు కట్టి, గంటకొకసారి నీళ్ళు చల్లేవారు. వడగాలి ఆ తడికలోంచి వచ్చేసరికి చల్లగా, సువాసనతో ఉండేది. ఇప్పటికీ మా ఇంట్లో పెద్ద కూలరు, వట్టివేళ్ళ తడికలతోనే వేసవి గడుస్తోంది. పంచ మూయలేదు, వీధి దూరం కాలేదు.

చల్లనిగది (హనుమకొండ), ఏప్రిల్ 13, మధ్యాహ్నం 3:40

పాలమూరు_పంచ గారూ, మీ ఊళ్ళో అది ఎంతో మంచి పద్ధతి, మా ఊళ్ళోనూ మే నెలలో కూలరు బాగా పనిచేస్తుంది. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని తీసుకుంటుంది కాబట్టి చల్లదనం వస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. గుంటూరులో మధ్యాహ్నం పడమటి పొడి వడగాలి వీచే రోజులలో తడిక పనిచేస్తుంది. సాయంత్రం సముద్రం వైపు నుండి తేమగాలి తిరిగిన తరువాత అదే తడిక ఉక్కను పెంచుతుంది. చెమట ఆరనప్పుడు పెద్దవారికి ఒళ్ళు చల్లబడదు, వడదెబ్బ ముప్పు అక్కడే ఉంది. నిరుడు ఒకసారి వడదెబ్బ తగిలిన 78 ఏళ్ళ మనిషి కాబట్టి, ఇక్కడ ఏసీ ఉండాలన్నదే నా అభిప్రాయం. అయితే ఆ తెరిచిన ఆరడుగుల భాగంలో వట్టివేళ్ళ తడిక కట్టుకోవడానికి అభ్యంతరమేమీ లేదు.

స్థిరకట్టడం గారి పది అడుగుల ఆలోచన నాకు చాలా నచ్చింది. గది 90 చదరపు అడుగులకు తగ్గుతుంది. పడమటి వైపు నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కిటికీ ఒక్కటే పెట్టి, బయట తడిక వేసి, శ్లాబుకు పైనా కిందా నేను చెప్పిన పని చేయిస్తే ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ (అవసరాన్నిబట్టి వేగం మార్చుకునే రకం) చాలు. ఇంకా పెద్దది పెట్టకండి. అవసరానికి మించిన ఏసీ గదిని తొందరగా చల్లబరచి ఆగిపోతుంది, తేమను తీయడానికి సమయం దొరకదు, గది చల్లగా ఉంటూనే జిగటగా ఉంటుంది. కోస్తా ఇళ్ళలో ఇది తరచుగా చూస్తాము.

కిటికీకి జరిపే రెక్కల కంటే తలుపులా తెరుచుకునే రెక్కలు మేలు. రబ్బరు పట్టీ మీద నొక్కుకుని మూసుకుంటాయి కాబట్టి గాలి దూరదు. జరిపే రకంలో కింది పట్టాల దగ్గర, రెక్కలు కలిసే దగ్గర ఎప్పుడూ సందు ఉంటుంది.

ఫ్రిస్కో_తెలుగు (టెక్సస్), ఏప్రిల్ 13, రాత్రి 10:20

మా ఇల్లు డాలస్‌కు ఉత్తరాన ఉంది, ఇక్కడి వేసవి కూడా 40 డిగ్రీలు దాటుతుంది. మూడేళ్ళ కిందట వెనుక వైపు కప్పు ఉన్న పేషియోను (పెరటి వసారాను) మూయించాము. మీకు పనికివస్తుందేమోనని రెండు సంగతులు రాస్తున్నాను.

మొదట పనివారు ఇంటి సెంట్రల్ ఏసీ గొట్టాన్ని పేషియోలోకి పొడిగిద్దామన్నారు. అలా చేస్తే పేషియో చల్లబడేలోపు పడకగదులు గడ్డకడతాయి, ఎందుకంటే థర్మోస్టాట్ ఇంటి నడిమధ్యలో ఉంటుంది. మేము విడిగా ఒక స్ప్లిట్ యూనిట్ పెట్టించి, ఇంటికీ పేషియోకూ మధ్య ఉన్న పాత బయటి తలుపును అలాగే ఉంచాము. అద్దాల గదిని ఇంటి నుండి వేడి పరంగా వేరుగా ఉంచడమే మంచిది. కాబట్టి మీ హాలు ప్రధాన ద్వారం తీసేయాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నవంబరు నుండి ఫిబ్రవరి దాకా ఏసీ అక్కరలేని రోజులలో కూడా ఆ తలుపు మీకు ఉపయోగపడుతుంది.

రెండవది పడకగది కిటికీ. ఇక్కడ పడకగదికి అగ్నిప్రమాద సమయంలో బయటపడే కిటికీ ఒకటి నేరుగా పెరట్లోకి తెరుచుకోవాలి. మా అమ్మాయి గది కిటికీ పేషియోలోకి ఉండటంతో అనుమతి దరఖాస్తు వెనక్కి వచ్చింది. ప్లాను మార్చి, ఆ కిటికీ ముందు భాగాన్ని వదిలి మూశాము. అప్పట్లో చిరాకు పడ్డాను. మీ ఆరడుగుల ఆలోచన చదివాక అది సరైన నియమమేనని అనిపిస్తోంది.

కరెంటుమాట (కర్నూలు), ఏప్రిల్ 14, ఉదయం 6:30

విద్యుత్ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. ఇంతవరకు ఎవరూ కరెంటు గురించి రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు బ్యాటరీ. ద్రావకం పోసే ఇన్వర్టరు బ్యాటరీ చార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. తెరిచిన వసారాలో అది గాలిలో కలిసిపోతుంది, మూసిన గదిలో కప్పు దగ్గర పోగుపడుతుంది. స్విచ్చి దగ్గర చిన్న రవ్వ చాలు. బ్యాటరీని తెరిచిన ఆరడుగుల భాగంలోనే ఉంచండి. స్కూటరును ఆ భాగంలో కూడా కాక ఆవరణలోకి మార్చండి, పెట్రోలు ఆవిరి పడకగది కిటికీలోకి పోకూడదు.

ఏసీకి మెయిన్ బోర్డు నుండి విడిగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగి, 20 ఆంపియర్ల సి రకం ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగే స్విచ్చి) పెట్టాలి. వసారాలో ఇప్పుడున్న లైటు, ఫ్యాను తీగ నుండి ప్లగ్గు తీయడం చాలా ప్రమాదం. 1994 నాటి ఇల్లు కాబట్టి ఎర్తింగ్ గుంటను తప్పక పరీక్షింపజేయండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే ఆపే స్విచ్చి) లేకపోతే ఇదే సందర్భంలో పెట్టించండి. ఇంట్లో ఇది రెండవ ఏసీ కాబట్టి మీ మంజూరైన లోడు ఎంతో బిల్లు మీద చూసి, చాలకపోతే పెంచమని దరఖాస్తు చేయండి.

మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయిందనుకోండి. మూసిన చిన్న గదిలో పెద్దాయన నిద్రలో ఉంటే ఆ గది ఎంత వేగంగా కాగుతుందో ఊహించండి. గదిలో సీలింగ్ ఫ్యాను, ఒక లైటు ఇన్వర్టరు లైనులో ఉండాలి. తలుపుకు లోపల వేసుకుంటే బయటి నుండి తీయలేని గడియ పెట్టకండి. కుర్చీకి అందేలా ఒక పిలుపు గంట మీట ఉంటే ఇంకా మంచిది.

ఫ్యాను వల్ల మరో లాభం ఉంది. 2020 నుండి వచ్చే స్టార్ గుర్తు ఏసీలు 24 డిగ్రీల వద్ద మొదలవుతాయి. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే 27 దగ్గర పెట్టినా హాయిగా ఉంటుంది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. పెద్దవారికి మరీ చల్లని గాలి ఇబ్బందిగా కూడా ఉంటుంది.

వేపనీడ (గుంటూరు), ఏప్రిల్ 19, సాయంత్రం 6:10

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వారం రోజులలో జరిగినది రాస్తున్నాను. పిట్టగోడ పక్కన తవ్వించాము. రాతికట్టు మూడడుగుల లోతు దాకా ఉంది, స్థానిక ఇంజినీరు గారు చూసి తేలిక దిమ్మెలు మోయగలదని చెప్పారు. ప్లానులో వసారా ఇంటి కట్టుబడిలోనే ఉంది, వదలవలసిన ఖాళీ స్థలంలోకి రాలేదు. సచివాలయంలో అడిగితే దరఖాస్తు ఇవ్వమన్నారు, ఇచ్చాము. గదిగా మారుతుంది కాబట్టి ఇంటి పన్ను లెక్క మారవచ్చునని కూడా చెప్పారు.

దక్షిణాన పది అడుగులే మూస్తున్నాము. గుత్తేదారు మొత్తం అద్దాలే అందమని చాలాసేపు వాదించారు, చివరికి మేము వేరొక మేస్త్రిని మాట్లాడుకున్నాము. పడమటి కిటికీ గడప ఎక్కడ ఉండాలన్నది తేలలేదు. మల్లెపందిరి గారు చెప్పినట్లు కంటి ఎత్తుకు అడుగు కిందికి అంటే 29 అంగుళాలు రావాలి, పిట్టగోడేమో 36 అంగుళాలు. పిట్టగోడను కోయాలా? ఇంకా ఔట్‌డోర్ యూనిట్లు రెండూ ఎక్కడ పెట్టాలో చెప్పండి. దక్షిణపు సందు మూడడుగుల వెడల్పు ఉంది.

స్థిరకట్టడం (తెనాలి), ఏప్రిల్ 19, రాత్రి 7:30

గోడను కోయవద్దు, కుర్చీని ఎత్తండి. కుర్చీ ఉండే చోట ఏడంగుళాల ఎత్తు అరుగు కట్టించవచ్చునని మొదట అనుకున్నాను, కాని 78 ఏళ్ళ మనిషి రాత్రివేళ దాని అంచు చూసుకోక పడిపోవచ్చు. కుర్చీ కాళ్ళ కింద నాలుగంగుళాల గట్టి చెక్క దిమ్మెలు బిగించి, అవి జారకుండా కాళ్ళకు మరలు వేయించండి. కన్ను 45 అంగుళాలకు వస్తుంది, గడప తొమ్మిదంగుళాలు కిందకు ఉంటుంది. ఎత్తయిన కుర్చీ నుండి లేవడం మోకాళ్ళకు కూడా సుఖం. పాదాలు నేలకు ఆనుతున్నాయో లేదో మాత్రం చూసుకోండి, ఆనకపోతే ఒక పీట వేయండి.

వసారా నేల వాన నీరు పోవడానికి వీధి వైపు వాలుగా ఉంటుంది. మూసిన భాగంలో ఆ నీటి రంధ్రాలను పూడ్చించండి, లేకపోతే చీమలు, తేళ్ళు, వేడిగాలి అన్నీ అందులోంచే వస్తాయి.

చల్లనిగది (హనుమకొండ), ఏప్రిల్ 20, ఉదయం 8:00

మూడడుగుల సందులో రెండు యూనిట్లూ ఎదురుగోడకు వేడిగాలి కొడితే అది తిరిగి వాటిలోకే పోతుంది. కొత్త గదిది దక్షిణపు గోడకు, నేల నుండి ఏడడుగుల ఎత్తున, గాలి వీధి వైపు పోయేలా సందు చివర బిగించండి. పక్కింటి కిటికీ ఎదురుగా రాకుండా చూడండి. పడకగదిది డాబా మీదికి మార్చి, పడమటి పిట్టగోడ నీడలో పెట్టించండి. మార్చే ముందు గ్యాసును ఔట్‌డోర్ యూనిట్‌లోకి దింపి బంధించమనండి, గాలిలోకి వదలనివ్వకండి.

కొత్త ఏసీలో ఆర్ 32 గ్యాసు ఉంటుంది. బిగించిన తరువాత గొట్టాలలోని గాలిని, తేమను వ్యాక్యూమ్ పంపుతో కనీసం ఇరవై నిమిషాలు లాగాలి. తొందరలో ఉన్నవారు కాస్త గ్యాసు వదిలి గాలిని తోసేసి పని అయిందంటారు. పంపు తెచ్చారా అని ముందే అడగండి, తేకపోతే మరునాడు రమ్మనండి. నీటి గొట్టం మొదటి నుండి చివరి దాకా వాలుగా ఉండాలి, మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు. ఆ నీటిని మల్లె మొక్కలకు పోయవచ్చు, నేల తుడవవచ్చు, బ్యాటరీలో మాత్రం పోయకండి. రాగి, అల్యూమినియం రేకుల మీదుగా కారిన నీరు అది, బ్యాటరీకి కావలసిన శుద్ధజలం కాదు.

ఇండోర్ యూనిట్‌ను కుర్చీకి ఎదురుగా కాక, దక్షిణపు గోడకు, గాలి ఆయన తల మీదుగా పోయేలా పెట్టించండి. బిగించే రోజున ఆయనను ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి, గాలి ముఖానికి తగులుతోందా అని అడిగిన తరువాతే గోడకు రంధ్రం చేయించండి.

వేపనీడ (గుంటూరు), ఏప్రిల్ 20, రాత్రి 9:15

అలాగే చేయిస్తాము. సోమవారం దిమ్మెలు దిగుతున్నాయి. కిటికీ రెక్క ఎటు తెరుచుకోవాలని మేస్త్రి అడిగితే నాన్నగారు స్వయంగా లేచి వచ్చి, కూరగాయల బండి వచ్చే వైపు చేయి చూపించారు.